ముందే చెప్పిన ధర

చెన్నై సెంట్రల్‌ను ఆనుకుని ఉన్న సబర్బన్ స్టేషన్‌కు మూర్ మార్కెట్ కాంప్లెక్స్ అని పేరు. ఆవడి, తిరువళ్లూరు, అరక్కోణం, తిరుత్తణి వైపు వెళ్లే ఎలక్ట్రిక్ రైళ్లు ఇక్కడే బయల్దేరతాయి. రైలు పట్టుకునే తొందరలో ఉన్నవాళ్లకు ఈ పేరు ఎక్కడిదో పట్టదు గానీ, నగరంలో కాలక్షేపం గురించి ఆలోచించేవాళ్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. 1900లో తెరిచిన అసలు మూర్ మార్కెట్ ఈ జాగాలోనే ఉండేది. పాత పుస్తకాలు, గ్రామఫోను రికార్డులు, బొమ్మలు, పెంపుడు పక్షులు, వాడిన సామాన్లు అన్నీ అక్కడ దొరికేవి. మద్రాసులో కాపురాలున్న తెలుగువాళ్లకూ, సినిమా పని మీదో కోర్టు పని మీదో వచ్చిపోయే తెలుగువాళ్లకూ ఆ కొట్ల మధ్య ఒక సాయంత్రం తిరగడమే వినోదం. కొనేది తక్కువ, బేరమాడేది ఎక్కువ. 1985లో ఆ కట్టడం నిప్పంటుకుని కాలిపోయింది. ఆ చోట రైల్వే టెర్మినల్ లేచింది. ఇప్పుడక్కడ టికెట్ కిటికీ దగ్గర బేరం లేదు. ఏ ఊరికెంతో ముందే నిర్ణయమై ఉంటుంది, అంతే తీసుకుంటారు. చూడబోతే రెండు పద్ధతులకూ పొంతనే లేదు. అయినా రెండింటిలోనూ ఒక మర్యాద ఉంది: చెయ్యి జేబులోకి పోయే ముందే ఎంత ఇవ్వాలో తేలిపోతుంది, తేలాక దానిమీద ఇంకో పైసా పడదు. ఈనాటి నగరవాసి తన సరదాల దగ్గర పోగొట్టుకున్నది ఈ మర్యాదనేనని నా వాదన. ధర ఎక్కువైందన్నది అతని విసుగులో చిన్న భాగం. ధర ఆలస్యంగా తెలియడం, తెలిసేసరికి వెనక్కి తగ్గే వీలు లేకపోవడం పెద్ద భాగం. తిరుత్తణి దాకా ఉన్న ఎనభై చిల్లర కిలోమీటర్ల దారిలో ఈ మాటకు సాక్ష్యాలు చాలానే దొరుకుతాయి, ఎదురు సాక్ష్యాలు కూడా.

ముందు నగరంలోనే మొదలుపెడదాం. ఆదివారం పూట ఒక కుటుంబం సినిమాకు పోవాలనుకుంటుంది. తమిళనాట సినిమా టికెట్టుకు ప్రభుత్వమే గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది. మంచి పద్ధతే. కానీ ఒక వైపు గట్టు కడితే నీళ్లు మరో వైపు దారి చూసుకున్నట్టు, టికెట్టు దగ్గర ఆగిన డబ్బు చుట్టుపక్కల నుంచి వసూలవుతుంది. ఆన్‌లైన్‌లో సీటు ఎంచుకునేటప్పుడు కనిపించే అంకె ఒకటి, డబ్బు కట్టే చోట కనిపించే అంకె మరొకటి. మధ్యలో కన్వీనియెన్స్ ఫీజు అనీ, దానిమీద జీఎస్టీ అనీ చేరతాయి. హాలుకు చేరాక పార్కింగ్. ఇంటర్వెల్లో పాప్‌కార్న్. బయటి తిండి తేవద్దనే హక్కు హాలు యజమానికి ఉందని సుప్రీంకోర్టు 2023 జనవరిలో తేల్చింది. మంచినీళ్లు మాత్రం ఉచితంగా ఇవ్వాలంది. ఆ నీళ్లు ఏ మూల ఉన్నాయో అడిగి తెలుసుకునే ఓపిక ఎందరికుంటుంది? 2025 సెప్టెంబరు దాకా పాప్‌కార్న్ మీద పన్ను సంగతి మరీ చిత్రంగా ఉండేది. 2024 డిసెంబరులో జైసల్మేర్‌లో జరిగిన జీఎస్టీ మండలి సమావేశం దగ్గర ఇచ్చిన వివరణ ప్రకారం ఉప్పు, మసాలా చల్లి విడిగా అమ్మితే 5 శాతం, ప్యాకెట్లో పెట్టి లేబుల్ అంటిస్తే 12 శాతం, పంచదార పాకం పడితే 18 శాతం ఉండేది. పన్నుల లెక్కలు రాసేవారికి ఈ విభజన అర్థవంతమే అయి ఉండవచ్చు. పిల్లవాడి చెయ్యి పట్టుకుని కౌంటర్ ముందు నిలబడ్డ తండ్రికి మాత్రం తాను దేనికి ఎంత ఇస్తున్నాడో తెలుసుకునే దారి లేదు. ఆ ఒక్క సాయంత్రం అయిన మొత్తం ఖర్చు చాలా ఇళ్లలో తలకు మించిన భారమేమీ కాదు. ఇంటికి తిరిగి వస్తూ వాళ్లు చర్చించుకునేది సినిమా గురించి కాకుండా బిల్లు గురించి కావడమే నష్టం.

దీన్ని చిన్న విషయమని కొట్టిపారేయలేం, ఎందుకంటే ప్రభుత్వమే దీనికి పేర్లు పెట్టి జాబితా రాసింది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో 13 రకాల మోసపు పద్ధతులను ‘డార్క్ ప్యాటర్న్స్’ అన్న పేరు కింద నిషేధించింది. అసలు ధర మొదట చెప్పకుండా అంచెలంచెలుగా బయటపెట్టడం, అంటే డ్రిప్ ప్రైసింగ్, అందులో ఒకటి. కొనేవాడు అడగని వస్తువునో విరాళాన్నో బుట్టలో చేర్చడం మరొకటి. అంతకుముందు 2022 జులైలో అదే సంస్థ హోటళ్లు బిల్లులో సర్వీస్ చార్జీని తమంతట తామే కలపరాదని చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. ఈ ఉత్తర్వులన్నీ చదివితే ఒక సంగతి స్పష్టమవుతుంది. ఏ ఒక్కటీ ‘ఇంతకు మించి అమ్మకు’ అనదు. ‘ఎంతకు అమ్ముతున్నావో ముందే చెప్పు’ అంటుంది. అయితే చెప్పిన ధర కాలంతోపాటు కదలకపోతే ఏమవుతుందో చెన్నై ఆటోలు చూపించాయి. 2013 ఆగస్టులో మొదటి 1.8 కిలోమీటర్లకు 25 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 12 రూపాయలు అని తమిళనాడు ప్రభుత్వం మీటరు చార్జీ నిర్ణయించింది. ఏళ్లు గడిచినా దాన్ని సవరించలేదు. ఇంధనం ధర పెరిగింది, ఇంటి అద్దెలు పెరిగాయి, మీటరు మాత్రం అక్కడే ఉండిపోయింది. ఆటో నడిపే మనిషి మీటరు వెయ్యనంటే అతన్ని ఒక్కణ్నే దోషిని చేయడం న్యాయం కాదు. రాసిన ధర బతకలేని ధర అయినప్పుడు ఆ రాతకు విలువ పోతుంది. అప్పుడు ప్రయాణికుడూ డ్రైవరూ ప్రతి మలుపులో ఒకరి మీద ఒకరు చిరాకు పడుతూ ప్రయాణిస్తారు.

రైలు బేసిన్ బ్రిడ్జి దాటి పెరంబూరు, విల్లివాక్కం, అంబత్తూరు మీదుగా పోతుంటే ఈ ధర సంగతి మరో కోణంలో కనిపిస్తుంది. ఈ దారి దక్షిణాదిలో అన్నిటికంటే పాత ప్రయాణికుల రైలు దారి. 1856 జులై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్ దాకా నడిచిన దక్షిణ భారతపు తొలి ప్రయాణికుల రైలు తిరువళ్లూరు, అరక్కోణాల మీదుగానే పోయింది. అప్పటి నుంచీ ఇక్కడి జనానికి రైలు చార్జీ అంటే స్టేషన్‌లో రాసి ఉన్న అంకె. పండగ రోజైనా, వర్షం పడుతున్నా, ఆఖరి బండి అయినా అదే అంకె. ఇందులో ఒక ఆక్షేపణ ఉంది, బలమైనదే: ఈ చార్జీ నిజమైన ధర కాదు, ఎవరో భరిస్తున్న రాయితీ, రాయితీ మీద నిలబడ్డ నిజాయతీని గొప్పగా చెప్పుకోవడమేమిటి అని. ప్రయాణ ఖర్చులో సగటున 57 శాతమే తమకు తిరిగి వస్తోందని రైల్వే కొన్నేళ్లపాటు టికెట్ల మీదే అచ్చువేసింది. సబర్బన్ రైళ్ల నష్టం అంతకన్నా ఎక్కువ. అయితే ఆ అచ్చు నా వాదనకే బలమిస్తుంది. నువ్విచ్చేది ఇంత, మిగతాది మరొకరు భరిస్తున్నారు అని కూడా ఆ టికెట్టు చెప్పింది. నగరంలో ఏ బిల్లు ఆ మాట చెబుతుంది? ఇదే రైల్వే 2016 సెప్టెంబరులో రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్లకు ఫ్లెక్సీ చార్జీ పెట్టింది. ప్రతి పది శాతం బెర్తులు అమ్ముడైనకొద్దీ మూల చార్జీ పది శాతం చొప్పున, మొదట్లో ఒకటిన్నర రెట్ల దాకా పెరిగేది. జనానికి అది రుచించకపోయినా లెక్క మాత్రం బహిరంగం. పెంపు ఏ మెట్టులో ఎంతో ఎవరైనా కాగితం మీద వేసి చూసుకోగలరు. వర్షం పడగానే క్యాబ్ యాప్‌లో ఎగిరే అంకెకు ఆ గుణం లేదు. 2025 జులైలో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు రద్దీ వేళ మూల చార్జీకి రెండు రెట్ల దాకా అనుమతించాయి; ఆ నిమిషాన ఎన్ని రెట్లు ఎందుకు పడ్డాయో అడగడానికి మనిషి ఎవరూ ఎదురుగా ఉండరు.

అంకె ఒక్కటే తెలిస్తే చాలదన్నది కూడా ఒప్పుకోవాలి. ఈ రైలు పెట్టెల్లో వేరుశనగలు, జామకాయలు, మురుకులు అమ్మేవాళ్లు తిరుగుతుంటారు. వేరుశనగ పొట్లం చేతిలోకి తీసుకుంటేనే ఎన్ని ఉన్నాయో తెలిసిపోతుంది. గాలి నింపిన చిప్స్ ప్యాకెట్ అలా కాదు. అయిదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ ఏళ్ల తరబడి అయిదు రూపాయలకే దొరుకుతుంది, లోపల బరువు మాత్రం తగ్గుతూ వస్తుంది. ఒకప్పుడు బిస్కెట్లు, టీపొడి, సబ్బు వంటి సరుకులు ఫలానా బరువుల్లోనే ప్యాక్ చేయాలని తూనికలు కొలతల నిబంధనలు ఉండేవి. 2021లో చేసిన సవరణతో ఆ షెడ్యూల్ తీసేశారు. దాని బదులు గ్రాముకో మిల్లీలీటరుకో ఎంత పడుతుందో కూడా ప్యాకెట్ మీద ముద్రించాలన్నారు. ఆలోచన బాగుంది. ముద్రణ ఎంత సన్నగా ఉంటుందో కళ్లజోడు పెట్టుకునే వాళ్లందరికీ తెలుసు. ధర చెప్పడమంటే కొనేవాడికి కనిపించేలా చెప్పడం. చట్టం మాట నిలబెట్టడానికి ఏదో ఒక మూల రాయడం కాదు.

ఆవడి దాటాక పట్టణం పలచబడుతుంది. తిరువళ్లూరు స్టేషన్‌లో దిగేవాళ్లలో రెండు రకాలవాళ్లుంటారు. ఒకరు వీరరాఘవస్వామి గుడికి పోయేవాళ్లు, మరొకరు కలెక్టరాఫీసుకో కోర్టుకో పని మీద పోయేవాళ్లు. వీరరాఘవ పెరుమాళ్ కోవెల 108 దివ్యదేశాలలో ఒకటి. స్వామిని వైద్య వీరరాఘవుడంటారు. అమావాస్య నాడు జనం తండోపతండాలుగా వచ్చి హృత్తాపనాశిని కోనేటిలో బెల్లం వేస్తారు, ఉప్పూ మిరియాలూ సమర్పిస్తారు. ఆ మొక్కుకు అయ్యే ఖర్చు ఇంట్లో బయల్దేరేటప్పుడే తెలుసు. రోగం కుదురుతుందా లేదా అన్నది విశ్వాసానికి సంబంధించిన విషయం, దాని జోలికి నేను పోను. కానీ ఇక్కడికొచ్చే కుటుంబాలు ఆస్పత్రి మెట్లు కూడా ఎక్కి వచ్చినవే. నగరవాసిని అన్నిటికంటే భయపెట్టే బిల్లు ఆస్పత్రి బిల్లే. చేర్చేటప్పుడు చెప్పిన అంచనా ఒకటి, డిశ్చార్జి నాడు చేతికొచ్చే కాగితం మరొకటి. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అయినా మంచం మీద మనిషి పడి ఉండగా ధర అడిగే గుండె ఎవరికుంటుంది? సినిమాకు పోకుండా ఉండొచ్చు, ఆస్పత్రికి పోకుండా ఉండలేం. ముందే ధర చెప్పాల్సిన బాధ్యత ఎక్కువగా ఉండాల్సిన చోట అది తక్కువగా ఉంది.

కలెక్టరాఫీసు వైపు పోయేవాళ్ల సంగతి నగరవాసులు తెలుసుకోవలసింది. 1997 జనవరి 1న చెంగల్పట్టు జిల్లా నుంచి విడిపోయి తిరువళ్లూరు జిల్లా ఏర్పడింది. ఆవడి వంటి నగరపు అంచు పట్టణాలు ఈ జిల్లాలోనివే. 1986 నాటి వినియోగదారుల చట్టం ప్రకారం ఫిర్యాదును మామూలుగా అమ్మినవాడి ఊళ్లోనే వేసుకోవాలి. 2020 జులైలో అమల్లోకి వచ్చిన 2019 చట్టం దీన్ని మార్చి, కొన్నవాడు తాను ఉంటున్న చోట గానీ, పనిచేస్తున్న చోట గానీ ఫిర్యాదు చేయవచ్చంది. అంటే చెన్నై అన్నాసాలైలో కొన్న వస్తువు మీద ఆవడివాసి తిరువళ్లూరు జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేసుకోవచ్చు. వస్తువుకో సేవకో చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. కోర్టులకు ఏళ్లు పడతాయి, అయిదు వందల రూపాయల కోసం ఎవరు తిరుగుతారు అంటారా? నిజమే. చట్టం మూడు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలంటుంది, ఆ గడువులు దాటిపోతూనే ఉంటాయి. అందుకే ముందే ధర చెప్పించడం మీద నాకింత పట్టుదల. నష్టపోయాక దొరికే న్యాయం ఓపిక ఉన్నవాడికే దొరుకుతుంది. ముందే కనిపించే అంకె ఓపిక లేనివాడిని కూడా కాపాడుతుంది.

తిరువళ్లూరు దగ్గరే పూండి జలాశయం ఉంది. ఇక్కడికొచ్చేసరికి నగరవాసి తన ఫిర్యాదును కొంచెం పక్కన పెట్టి, తాను చెల్లించని ధరలను కూడా చూడాలి. కుశస్థలి నది మీద 1944లో కట్టిన ఈ జలాశయానికి దాన్ని తలపెట్టిన మద్రాసు మేయర్ సత్యమూర్తి పేరు పెట్టారు. మన చిత్తూరు కొండల్లో పడ్డ వాన దీనికి ఆధారం. చాలని నీళ్లకు కృష్ణ. 1983 ఏప్రిల్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం తెలుగుగంగ కాలువ ద్వారా సరిహద్దు దగ్గర ఏటా 12 టీఎంసీల నీళ్లు అందించాలి. 1996లో మొదటిసారి నీళ్లు చేరాయి. ఆ పన్నెండూ పూర్తిగా అందిన ఏడాది అరుదు. 2019 వేసవిలో పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం జలాశయాలు నాలుగూ దాదాపు ఎండిపోయాయి. ఆ జులైలో జోలార్‌పేట నుంచి విల్లివాక్కానికి యాభై ట్యాంకు వ్యాగన్లలో 25 లక్షల లీటర్ల చొప్పున నీళ్లు తెచ్చారు. ఈ ఎలక్ట్రిక్ రైలు దారి మీదనే, తిరువళ్లూరును దాటుకుంటూ. అంతకుముందు కరువుల్లోనూ ఆ ఏడాదీ తిరువళ్లూరు జిల్లా రైతుల బావులను నగర నీటి సరఫరా సంస్థ మెట్రోవాటర్ అద్దెకు తీసుకుని నగరానికి నీళ్లు తోడింది. రైతుకు ఆ ఏడు పంట కన్నా నీళ్లే లాభం. పక్క పొలంలో కౌలు చేసుకునేవాడికీ, కూలికి పోయేవాడికీ ఏమీ లేదు, ఊరి నీటిమట్టం మాత్రం అందరికీ దిగింది.

నగరంలో నీళ్ల సీసా మీద గొడవ దీనికి సంబంధం లేని వేరే గొడవలా కనిపిస్తుంది. ఒకే సరుకుకు రెండు ఎం.ఆర్.పి.లు ఉండకూడదన్న నిబంధన 2018 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. దానికి కొద్ది రోజుల ముందే, 2017 డిసెంబరులో, హోటళ్లు నీళ్ల సీసాను ఎం.ఆర్.పి. కన్నా ఎక్కువకు ఇవ్వవచ్చని సుప్రీంకోర్టు అంది; అక్కడ కూర్చోవడానికి చోటు, వడ్డన కూడా కలిసి అమ్ముడవుతాయి కాబట్టి అది వట్టి సరుకు అమ్మకం కాదని కారణం చెప్పింది. ఆ కారణాన్ని నేను ఒప్పుకుంటాను, మెనూలో ఆ ధర కనిపిస్తే. ఇరవై రూపాయల సీసాకు ఎనభై తీసుకున్నారని కోపం తెచ్చుకునే మనిషి, ఆ ఇరవైలో పూండి చుట్టుపక్కల భూగర్భజలం ఖరీదు ఎంత ఉందో కూడా అడగాలి. అది ఏ సీసా మీదా ఉండదు. ధర ముందే చెప్పాలన్న వాదన కొనేవాడి దగ్గరే ఆగిపోతే అది సగం వాదనే. అమ్మకంలో లేని మూడో మనిషికి పడే భారమూ ఆ లెక్కలోకి రావాలి. నీళ్లు తోడే ప్రతి లైసెన్సు కిందా రోజుకెంత తోడుతున్నారో పంచాయతీ బోర్డు మీద రాయమని అడగడం అతి కోరిక కాదు.

తిరువళ్లూరు దాటాక తిరువాలంగాడు వస్తుంది. శివుడు కాళితో పోటీపడి నాట్యమాడిన రత్నసభ ఇక్కడిదని ప్రసిద్ధి. తిరుత్తణి సహకార చక్కెర మిల్లు కూడా ఈ ఊళ్లోనే ఉంది. తర్వాత అరక్కోణం. చాలా బండ్లు అక్కడే ఆగిపోతాయి. కొన్ని మాత్రమే ఉత్తరానికి తిరిగి, పదమూడు కిలోమీటర్ల అవతల తిరుత్తణిలో దింపుతాయి.

తిరుత్తణి తెలుగువాళ్లకు పరాయి ఊరు కాదు. 1960 ఏప్రిల్ 1 దాకా ఇది చిత్తూరు జిల్లాలోనిదే. రెండు రాష్ట్రాల సరిహద్దు తగాదా మీద పటాస్కర్ ఇచ్చిన నివేదిక దరిమిలా సరిహద్దులు మార్చిన చట్టంతో ఇప్పటి తమిళనాడుకు వెళ్లింది, బదులుగా సత్యవేడు ప్రాంతం మనకు వచ్చింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో పుట్టిందీ ఇక్కడే. పళ్లిపట్టు, పొదటూరుపేట వైపు మగ్గాల మీద బతికే తెలుగు కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. కొండ మీది మురుగని గుడికి ఆడికృత్తిక నాడు నగరి, పుత్తూరు, చిత్తూరు వైపు నుంచి పూలకావళ్లు భుజాన పెట్టుకుని వేలమంది వస్తారు. కొండ కింద అంగళ్లలో బేరం రెండు భాషల్లోనూ సాగుతుంది. ఈ సరిహద్దు నా వాదనకు ఒక తేటతెల్లమైన ఉదాహరణ ఇస్తుంది. తమిళనాడు కన్నా ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు ఖరీదు. నగరి వైపు వాహనదారుడికి రెండు రాష్ట్రాల ధరలూ నోటికి వచ్చు. పన్ను ఎక్కువని తిట్టుకుంటాడు, వీలుంటే ఇవతలికి వచ్చి ట్యాంకు నింపుకుంటాడు. కానీ బంకు తనను మోసం చేసి ధర దాచిందని మాత్రం అనడు, ఎందుకంటే ఆ అంకె రోడ్డు మీద నుంచే కనిపిస్తుంది. 2017 జూన్ నుంచి పెట్రోలు ధర రోజూ మారవచ్చన్నారు. అయినా సరే. రద్దీనిబట్టి, కొరతనిబట్టి ధర మారడం ఆర్థిక సూత్రమే కదా, దాన్నెలా తప్పుపడతారని అడిగేవారికి నా జవాబు ఈ బోర్డే. ధర మారనివ్వండి, మారిందని ఆగి చూసుకునే చోట రాయండి.

పుణ్యక్షేత్రాలే నిలువుదోపిడీకి పేరుపడ్డాయి కదా, వాటిని నగరానికి ఆదర్శంగా చూపడమేమిటన్నది ఇక్కడ తప్పక వచ్చే ప్రశ్న. చెప్పుల దగ్గర, తలనీలాల దగ్గర, కొండెక్కే ఆటోల దగ్గర చిల్లర గుంజే అలవాటు ఏ క్షేత్రానికీ కొత్త కాదు. తిరుత్తణిని నేను ఆదర్శంగా చూపడం లేదు. కానీ 2021లో ఇక్కడ జరిగిన రెండు మార్పులు గమనించదగ్గవి. తమిళనాడు దేవాదాయ శాఖ తన గుళ్లలో తలనీలాలకు రుసుం తీసేసింది, క్షురకులకు నెలకు 5,000 రూపాయలు ఇస్తామంది. అదే ఏడాది సెప్టెంబరులో తిరుత్తణి, తిరుచ్చెందూరు, సమయపురం గుళ్లలో రోజంతా అన్నదానం మొదలుపెట్టారు. రుసుం లేదన్న మాట బోర్డు మీదకి ఎక్కాక, ఎవరైనా చెయ్యి చాపితే అది రుసుం కాదని అడిగేవాడికీ తెలుసు, ఇచ్చేవాడికీ తెలుసు. ఇవ్వాలనిపిస్తే ఇస్తాడు, లేదంటే లేదు. మూర్ మార్కెట్ బేరంలోనూ అంతే: ధర దాగి ఉన్నా, దాగి ఉందన్న సంగతి ఇద్దరికీ తెలిసే ఆట సాగేది, ఒప్పుకున్నాక ఆట ముగిసేది. యాప్‌లో చివరి పేజీ దాకా ఆట మొదలైందనే మనకు తెలియదు.

డిసెంబరు 31 రాత్రి ఈ కొండ మీద జరిగే మెట్ల పండగ కూడా నగరపు సరదాలకు సంబంధించినదే. ఇంగ్లీషువాళ్ల కాలంలో కొత్త సంవత్సరం నాడు దొరలకు దండలు, పండ్లు పట్టుకెళ్లి దర్శనం చేసుకునే ఆనవాయితీ ఉండేది. వళ్లిమలై స్వామిగా పేరుపొందిన సచ్చిదానంద స్వామి ఆ దండలేవో మురుగనికే వేద్దామని జనాన్ని తిరుత్తణికి మళ్లించారు. మెట్లు 365 అని, ఏడాదికి ఎన్ని రోజులో అన్ని అని చెబుతారు. అరుణగిరినాథుని తిరుప్పుగళ్ పాడుతూ మెట్టుమెట్టుకూ హారతిచ్చి ఎక్కుతారు. ఆ రాత్రే చెన్నై హోటళ్లలో కొత్త సంవత్సరం విందులకు వేల రూపాయల టికెట్లు అమ్ముడవుతాయి. ఆ విందులను నేను తప్పుబట్టను, ఎవరి సరదా వారిది. పాట, నడక, కలిసి వచ్చిన జనం, చలిలో కొండ మీద తెల్లవారడం ఏ కౌంటర్ లేకుండా వేలమందికి చాలుతున్నప్పుడు, సరదా అంటే తప్పనిసరిగా కొనుక్కునేదేనన్న మాట మాత్రం నేను నమ్మను.

కానీ ఇక్కడ కూడా నగరపు జబ్బు ఒకటి ఉంది, దాన్ని చెప్పకుండా వదిలేస్తే వాదన ఏకపక్షమవుతుంది. దేశంలోని చాలా పెద్ద గుళ్లలో ఉన్నట్టే ఇక్కడా ప్రత్యేక దర్శనం టికెట్లు. టికెట్టు మీద ధర స్పష్టంగానే ఉంటుంది. ఆ ధరతో కొంటున్నది తొందరగా దర్శనం. ఎంత తొందరగా అన్నది మాత్రం టికెట్టు చెప్పదు. కృత్తిక రోజున డబ్బు కట్టినవాడూ గంటలు నిలబడవచ్చు, మామూలు రోజున ధర్మదర్శనం వరసే ఖాళీగా ఉండవచ్చు. ముసలి తల్లిని పట్టుకుని వచ్చినవాడికి కావలసిన సమాచారం అదే. ఇది అసాధ్యమేమీ కాదు. ఇక్కడికి అంత దూరం కాని తిరుమలలో ఏ రోజు ఎన్ని కంపార్ట్‌మెంట్లు నిండాయో, సర్వదర్శనానికి ఎన్ని గంటలు పడుతుందో దేవస్థానం ప్రతి రోజూ ప్రకటిస్తుంది; తెలుగు పత్రికలూ టీవీలూ ఆ లెక్క చెబుతాయి. తిరుత్తణి కొండ కింద, మెట్లు మొదలయ్యే చోట, ఉచిత వరసకు ఈ గంటలో ఎంత సమయం, డబ్బు వరసకు ఎంత సమయం అని రెండు అంకెలు తమిళంలోనూ తెలుగులోనూ రాసిన ఒక బోర్డు పెడితే, టికెట్టు కొనాలో వద్దో కింద ఉండగానే తేల్చుకుని ఎక్కవచ్చు.